నూకరత్నం నోరు

సాంబారులో ముక్కలు లేవు. ముక్కలు లేకపోతే పోయాయి, ఉప్పు లేదు, పులుపూ లేదు. నవచలన పునరావాస కేంద్రం భోజనశాలలో నూకరత్నం ఎడంచేత్తో చెంచా ఎత్తి, ఒక్క గుక్క నోట్లో పోసుకుని, వడ్డించిన అమ్మాయి వంక గుడ్లురిమి చూసింది. ‘ఓలే గుంటా, దీన్ని సాంబారంటారేటే? మా ఈదిలో గిన్నెలు కడిగిన నీళ్లు ఇంతకన్నా రుచిగుంటాయి. ఆ వండినోణ్ని ఓపాలి ఇలాగ రమ్మను, ఆడి నెత్తి మీదే పోస్తాను’ అనుకుంది. అనుకోవడం వరకే ఆమె వంతు. పైకి అనడం ఆమె మెడకు బిగించిన గళపట్టీ వంతు.

“చాలా బాగుందమ్మా. కాస్త ఉప్పు పడితే ఇంకా బాగుంటుంది. మీ శ్రమకు ధన్యవాదాలు,” అంది గళపట్టీ. గొంతు మాత్రం అచ్చం నూకరత్నానిదే.

ఆ అమ్మాయి మురిసిపోయి ఇంకో గరిటెడు పోసి వెళ్లింది.

పక్క కుర్చీలో అప్పలసూరి ఇడ్లీ తుంచుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. కరెంటు స్తంభం మీంచి పడి వెన్ను విరగ్గొట్టుకున్న లైన్‌మన్ అతను. “అప్పా,” అన్నాడు అక్క వరస కలిపి, “నీ నోరేమో బాగుందంటంది. నీ కళ్లేమో కత్తి నూరతన్నాయి. రెంట్లో దేన్ని నమ్మమంటావు?”

నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఒక్కడికైనా అనుమానం వచ్చింది! ‘కళ్లని నమ్మరా నాయినా! ఈ పీకపట్టీ ఇప్పి అవతల పారెయ్, నీ కాళ్లకి దణ్ణవెడతాను’ అని లోపల్లోపలే గొంతు చించుకుంది.

“మీ ఆదరణకు కృతజ్ఞురాలిని, సోదరా,” అంది గళపట్టీ.

“సోదరా అట!” అని అప్పలసూరి పకపకా నవ్వి, ఇడ్లీ పూర్తిచేసి, నడకతొడుగు సర్దుకుని లేచి, చక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, నడకతొడుగు గొప్ప వస్తువే. వెన్ను విరిగినవాడు బతికినంతకాలం మంచానికి అతుక్కుపోయే రోజులు ఎప్పుడో పోయాయి. నడుం నుంచి మడమల దాకా పట్టే ఆ పల్చని నల్లటి తొడుగు, తెగిన నరాలను దాటించి మెదడు ఆజ్ఞను కాళ్లకు మోసుకుపోతుంది. వెయ్యమంటే అడుగు వేస్తుంది, ఆగమంటే ఆగుతుంది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం అది చెప్పదు. గొడవంతా మెదడు దెబ్బతిన్నవాళ్ల కోసం తయారుచేసిన వాగ్వారధితోనే వచ్చింది.

చేపల రేవులో క్రేను మీంచి ఐసుపెట్టె జారి నూకరత్నం తల మీద పడింది. తలకు ఎడమవైపు దెబ్బ. కుడిచెయ్యి చచ్చుబడింది, కుడికాలు ఈడ్చుకుపోయింది, మాట పడిపోయింది. ఎదుటివాళ్లు అనేది అంతా అర్థమవుతుంది, అనాల్సిందంతా మనసులో తయారుగా ఉంటుంది, నాలిక మాత్రం కదలదు. ఆమె పుర్రె కింద వెంట్రుకల్లాంటి తీగలు పరిచి, ఆమె అనదలుచుకున్నది పట్టుకుని, పాత ఫోను రికార్డుల్లోంచి తీసిన ఆమె గొంతుతోనే గళపట్టీ చేత పలికించే ఏర్పాటే వాగ్వారధి. అంతవరకూ బాగానే ఉంది.

అయితే, మెదడుకు దెబ్బ తగిలినవాళ్లకు కోపం ఎక్కువగా వస్తుందని వైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. దానికి ‘గాయపు కోపం’ అని పేరు పెట్టారు. అది మనిషిది కాదు, గాయానిది అని తీర్మానించారు. వాగ్వారధి చేసిన పెద్దలు ఆ కోపాన్ని వడకట్టడానికి లోపలొక జల్లెడ అమర్చారు. జల్లెడ పట్టగా మిగిలినదాంట్లో అర్థం తేలకపోతే, ఇదివరకు అలాంటి రోగులు కోలుకున్నాక చివరికి ఏమన్నారో వెతికి, అదే పలికిస్తుంది. చివరికి అందరూ కృతజ్ఞతలే చెబుతారు కదా, ఆ చెప్పేదేదో ముందే చెప్పించేస్తే ఏం పోయిందని వాళ్ల ఆలోచన. ఎంత మంచి బుద్ధో చూడండి!

పోనీ పీకి పారేద్దామా అంటే, గళపట్టీ కొక్కెం మెడ వెనకుంది. రెండు పక్కలా ఒకేసారి నొక్కితేనే ఊడుతుంది. సగం ఒళ్లు పడిపోయినవాళ్ల మెడకు తగిలించే వస్తువుకు రెండు చేతుల కొక్కెం పెట్టిన మేధావి ఎవడో గానీ, వాడి కోసం నూకరత్నం దగ్గర చాలా మాటలు దాచి ఉంచింది.

ఆ నోరు అలాంటిలాంటి నోరు కాదు. వాసుపల్లి నూకరత్నం రేవులో తట్ట దించిందంటే బేరగాళ్లు ముందు చొక్కా గుండీలు సవరించుకునేవారు. అడ్డగోలు ధర అడిగినవాడికి ఏడు తరాల ముచ్చట చెప్పి పంపేది. ఇప్పుడు మనుషులు రావడం తగ్గి, పెద్ద కొట్లవాళ్ల డ్రోన్లు, ఆ ఎగిరే కొనుగోలు కళ్లు, తట్టల మీద తూనీగల్లా తిరుగుతూ ధర పలుకుతున్నాయి. వాటినీ తిట్టేది. తిట్టీ తిట్టీ విసుగొస్తే ఖాళీ తట్ట తీసి నేలమీద బోర్లించేది. రేవులో ఆడవాళ్ల కట్టుబాటు అది. తట్ట బోర్లిస్తే బేరం లేదని అర్థం. దానిమీద కూర్చుంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తిరిగి అడగడానికి లేదు. ఒకరు బోర్లించిన తట్టను ఇంకొకరు తిరగేస్తే రక్తాలు కారేవి. ఆ ఎగిరే కళ్లు కూడా బోర్లించిన తట్టను చూస్తే నోరు మూసుకుని పక్కకు పోవడం నేర్చుకున్నాయి.

అలాంటి మనిషి మీద ఇప్పుడొక పెద్ద గండం వచ్చిపడింది. ఆ మధ్యాహ్నమే ఆమె స్థిరబంధానికి ఒప్పుకోవాలి. అంటే వాగ్వారధి తీగలు మెదడులో శాశ్వతంగా వేళ్లూనుకుంటాయి. “ఇప్పుడు మీ మెదడు పోయిన మాటను తనంతట తాను వెతుక్కుంటూ అలిసిపోతోందమ్మా. స్థిరబంధం అయ్యాక ఆ వెతుకులాట ఆగిపోతుంది. ఇక దానికా అవసరం ఉండదు,” అని డాక్టర్ నిశాంత్ ఎంతో మృదువుగా చెప్పాడు. అది విన్నప్పుడు ఆమె ఎడంచెయ్యి మంచంకోడును గట్టిగా పట్టుకుంది. వెతుకుతోందంటే ఇంకా దొరికే ఆశ ఉందన్నమాట కదా! ఒకసారి బల్లకోడు కాలివేలికి తగిలినప్పుడు సొంత గొంతులో ఏదో బరబరా కదలడం ఆమెకు తెలుసు. ఎవరూ వినలేదు. ఒకప్పుడు రోగులతో మాట కసరత్తు చేయించిన గది, వాగ్వారధి వచ్చాక పరుపులు పేర్చుకునే కొట్టైపోయింది.

వద్దు అనాలి. ఆ ఒక్క మాట బయటికి రావాలి. కోపం లేకుండా అంటే జల్లెడ దాటుతుందేమోనని ఆమె టిఫిను తర్వాత తోటలో కూర్చుని సాధన చేసింది. ‘వద్దు బాబూ. నాకొద్దు. సల్లగా సెప్తన్నాను, వద్దు.’ గళపట్టీ కాసేపు తటపటాయించి, “నాకు ఇంకొంచెం సమయం కావాలేమో,” అంది. నూకరత్నం ఒళ్లు పులకరించింది. దారి దొరికింది.

అంతలో కూతురు హిమజ వచ్చింది, చంకలో సపోటాల బుట్టతో, చెదిరిన జుట్టుతో. రేవు శీతలగిడ్డంగిలో ఉద్యోగం ఆమెది. ‘ఏటే ఆ జుట్టు? దెయ్యం పట్టినదాన్లాగ ఊరంతా తిరిగొచ్చేవా?’ అనుకుంది తల్లి.

“బంగారం, బాగా అలిసిపోయినట్టున్నావు. కాసేపు నా పక్కన కూర్చో,” అంది గళపట్టీ.

హిమజ కూర్చుని తల్లి భుజం మీద తల వాల్చింది. “ఎన్నిసార్లు విన్నా తనివి తీరదమ్మా! చిన్నప్పుడు ఒక్కసారైనా నన్నిలా పిలిచావా? స్కూల్లో ఫస్టొచ్చానని పరిగెత్తుకొస్తే, ‘నీ జిమ్మడ, అడ్డం లే, బేరం పోద్ది’ అన్నావు. అందరి ముందూ. నేను తట్టల వెనక కూర్చుని ఏడ్చాను, తెలుసా నీకు?”

తెలుసు. తెలియకేం, ఆ రాత్రి ఇంటికెళ్లాక పిల్లకిష్టమని వంజరం చేప ముక్కలు అమ్మకుండా దాచి వేయించి పెట్టింది. ఆ సంగతి నోటితో చెప్పే అలవాటు ఆమెకెప్పుడూ లేదు. ‘నా నోరు అలాంటిదే పిల్లా, లోపలది వేరు’ అని ఇప్పుడు చెప్పబోయింది.

“నువ్వంటే నాకు ప్రాణం, బంగారం. నిన్ను బాధపెట్టినందుకు నన్ను క్షమించు,” అంది గళపట్టీ, తేనె ఒలకబోస్తూ.

హిమజ వెక్కివెక్కి ఏడ్చింది. నూకరత్నానికి తెలుస్తూనే ఉంది. తన కూతుర్ని, తన గొంతుతోనే, తన కళ్లముందే ఎవరో ఎత్తుకుపోతున్నారు. ‘అది నేను కాదే! అనేది నేను కాదే!’ అని ఎంత మొత్తుకున్నా, పైకి వినిపించింది, “ఏడవకు తల్లీ, నేనున్నాను” అన్న మాటే.

“ఇవాళ ఒప్పేసుకుంటే అయిపోతుందమ్మా,” అంది హిమజ కళ్లు తుడుచుకుని. “ఇంక ఎప్పటికీ ఇలాగే ఉంటావు.”

డాక్టర్ గదిలో బల్లమీద సాక్షిపలక వెలుగుతోంది. రోగి తన సొంత గొంతుతో ఇచ్చిన జవాబును అది నమోదు చేస్తుంది. వాగ్వారధి గొంతు రోగి గొంతే అని న్యాయస్థానాలు ఏనాడో తేల్చేశాయి. సాటి రోగి ఒకరు సాక్షిగా ఉండాలన్న నియమం ప్రకారం అప్పలసూరి గోడవారన నిలబడ్డాడు. నూకరత్నం కుర్చీలో, ఒళ్లో సపోటాల బుట్టతో కూర్చుంది. పక్కన హిమజ.

“నూకరత్నం గారూ, స్థిరబంధం మీకు సమ్మతమేనా?” అడిగాడు డాక్టర్ నిశాంత్.

ఆమె కళ్లు మూసుకుంది. సముద్రం పోటులేని వేళ ఎలా ఉంటుందో తలుచుకుంది. ‘వద్దు బాబూ.’

“నాకు కొంచెం సందేహంగా ఉంది,” అంది గళపట్టీ.

హిమజ ఉలిక్కిపడి తల్లి వంక చూసింది. డాక్టరు చిరునవ్వు నవ్వాడు. “సందేహాలు సహజమే అమ్మా. మీ అమ్మాయిని చూడండి, ఎంత సంతోషంగా ఉందో. ఇన్నేళ్లూ మీ కోపం వల్ల మీరూ బాధపడ్డారు, మీవాళ్లూ బాధపడ్డారు. ఇక ఆ బాధ ఉండదు.”

అంతే. సముద్రం లేదు, చల్లదనం లేదు. ‘నా కోపం నీ అబ్బ సొమ్మేటిరా? ఆ కోపంతోనే దీన్ని పెంచేను, ఆ కోపంతోనే రేవులో నిలబడ్డాను. దాన్ని వడకట్టడానికి నువ్వెవడివిరా?’

“మీరన్నది నిజమే డాక్టర్ గారూ. మీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది,” అంది గళపట్టీ.

సాక్షిపలక మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. “చాలా సంతోషం. ఇంకొక్కసారి చెబితే నమోదైపోతుంది,” అన్నాడు డాక్టరు.

నూకరత్నం ఎడంచెయ్యి బుట్టను ఎత్తింది. సపోటాలు గదంతా దొర్లాయి. ఖాళీ బుట్టను ఆమె వంగి, ఆయాసపడుతూ నేలమీద బోర్లించింది. దానిమీద కూర్చోవాలని కుర్చీలోంచి లేవబోయింది. కుడికాలు సహకరించలేదు. మళ్లీ కుర్చీలోనే కూలబడి, కూతురి మొహంలోకి చూసింది. ‘నువ్వు రేవు పిల్లవే. నీకు తెలుసు.’

“ఏమైంది? దీనికేమైనా అర్థం ఉందా అమ్మా?” అని డాక్టరు హిమజను అడిగాడు.

హిమజ మొహం పాలిపోయింది. బుట్టను చూసింది. తల్లి కళ్లను మాత్రం చూడలేదు. “ఏం లేదండి,” అంది సన్నగా. “చెయ్యి తగిలింది.” అని వంగి, ఆ బుట్టను తిరగెయ్యడానికి చెయ్యి చాపింది.

“నీ జిమ్మడ!”

గది దద్దరిల్లింది. అప్పలసూరి గోడకు అతుక్కుపోయాడు. ఆ అరుపు గళపట్టీది కాదు. అది తుప్పు పట్టిన గొలుసులా గరగరలాడుతూ, ఉమ్మి చిందిస్తూ, నూకరత్నం సొంత గొంతులోంచి, సొంత నాలిక మీంచి వచ్చింది. అదే క్షణంలో గళపట్టీ, “పర్వాలేదు బంగారం, కంగారుపడకు,” అంటోంది. ఒకే మెడలోంచి రెండు గొంతులు.

“నీ జిమ్మడ! నీ... నీ జిమ్మడ! జిమ్మడ!”

“అందరికీ నా ధన్యవాదాలు,” అంది గళపట్టీ.

“భయపడకండి, భయపడకండి,” అంటూ డాక్టరు లేచాడు. “ఇదే గాయపు కోపం. జల్లెడ కొంచెం బిగిస్తే సర్దుకుంటుంది.” అతని చెయ్యి గళపట్టీ వైపు వచ్చింది.

“ముట్టుకోకండి!” అంది హిమజ. ఎక్కడిదో అంత గొంతు. రేవు గొంతు. “గాయానికి మా రేవు తిట్టు ఎవరు నేర్పారండి? అది గాయం కాదు. మా అమ్మే. నాకు తెలీదా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను.” ఊపిరి తీసుకుని మళ్లీ అంది, “బుట్ట సంగతి కూడా నాకు తెలుసు. చెయ్యి తగల్లేదు. నేనే అబద్ధం చెప్పాను.”

ఆమె తల్లి వెనక్కి వెళ్లి, కొక్కేన్ని రెండు పక్కలా నొక్కింది. గళపట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద మెడ చుట్టూ ఎర్రటి గాడి. దురద పెట్టి పెట్టి పుండైపోయింది. అది నొప్పి పెడుతోందని నూకరత్నం రోజూ చెబుతూనే ఉంది, చక్కగా సరిపోయిందని అందరూ రోజూ వింటూనే ఉన్నారు.

హిమజ ఆ పుండు అంచును వేలితో తడిమింది. తర్వాత తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “ఇప్పుడు చెప్పమ్మా. ఇది లేకుండా. ఒక్కసారి బంగారం అను. నీ నోటితో. ఒక్కసారి చాలు.”

నూకరత్నం అనాలనుకుంది. నిజంగా అనాలనుకుంది. బతుకులో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా, పళ్లు బిగించి, పెదాలు కలిపి, ‘బ’ దగ్గర ఊపిరిని తోసి తోసి చూసింది. చెమటలు పట్టాయి. ఐసుపెట్టె ఆ మాటను ఏ మూలకు తొక్కేసిందో, అది దొరకలేదు. చేతికందింది ఒక్కటే. ఆమె ఎడంచేత్తో కూతురి చెదిరిన జుట్టును చెవి వెనక్కి తోసింది.

“నీ జిమ్మడ,” అంది మెల్లగా.

హిమజ ఏడ్చింది, కోపంగా ఏడ్చింది. “ఇంత జరిగాక కూడా నాకు తిట్టేనా అమ్మా? ఆ దిక్కుమాలిన పట్టీ రోజూ నన్ను బంగారం అంది. అది అబద్ధమని తెలిసినా బాగుండేది నాకు. నా బాధ నీకు అర్థం కాదు.”

“నీ జిమ్మడ... నీ జిమ్మడ...” అంటూనే ఉంది నూకరత్నం. కళ్లలోంచి ధారగా కారుతున్న నీళ్లను తుడుచుకోవడానికి ఉన్న ఒక్క చెయ్యీ కూతురి జుట్టులో ఉంది. ఈ కన్నీళ్లకు జల్లెడ పట్టేవాళ్లు అక్కడెవరూ లేరు.

అప్పలసూరి దొర్లిన సపోటాలు ఏరి బల్లమీద పెట్టాడు. డాక్టర్ నిశాంత్ సాక్షిపలకను ఆర్పి, గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు అందరూ ఆవేశంలో ఉన్నారు. రేపు ఉదయం పట్టీ పెట్టి, తీరిగ్గా మళ్లీ అడుగుదాం,” అన్నాడు.

హిమజ లేచింది. నేలమీద బుట్ట ఇంకా బోర్లానే ఉంది. ముక్కు చీది, కొంగుతో కళ్లొత్తుకుని, వెళ్లి దానిమీద కూర్చుంది. పాత ప్లాస్టిక్ బుట్ట కిర్రుమంది గానీ ఆగింది.

“బేరం లేదండి,” అంది.

“నీ జిమ్మడ,” అంది వెనకనుంచి నూకరత్నం.

“వినపడిందిలేవే,” అంది హిమజ, తల తిప్పకుండానే.